ఆరో వంతు వచ్చినవాడు ఎవరిని తీసుకోవాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ సంగతి. షోళింగనల్లూరులోని మీ ఆఫీసులో ఎనిమిది మంది కలిసి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలోని ఆటగాళ్లందరితో ఒక డ్రాఫ్టు, అంటే వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకునే పోటీ, పెట్టుకున్నారు. జట్టుకు ఐదుగురు, బెంచీ మీద ఇంకొకరు. చీటీలు తీస్తే మీకు ఆరో వంతు వచ్చింది. ఎవరి జట్టు గెలుస్తుందో చివరికి ఓట్లతో తేలుస్తారు. జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా అని వారం రోజులుగా మీ వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోతోంది. నెల్లూరులో ఉన్న మీ బావగారు మాత్రం "బిల్ రసెల్‌ను తీసుకో, తక్కినవి తర్వాత చూసుకుందాం" అంటున్నారు. ఆటకు సగటున 15 పాయింట్లు వేసినవాడిని మొదటి రౌండులో ఎవరైనా తీసుకుంటారా అని మీ అనుమానం.

జోర్డాన్, లెబ్రాన్ గొడవలోకి మీరు దిగకండి. మీ వంతు వచ్చేసరికి ఇద్దరూ వెళ్లిపోయి ఉంటారు. అయినా అడిగారు కనుక రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్క సిరీస్ గెలిచి తీరాలంటే జోర్డాన్. ఆరు ఫైనల్స్ ఆడి ఆరూ గెలిచాడు, ఆరింటిలోనూ ఫైనల్స్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అతనే. రెండు దశాబ్దాల లెక్క తీస్తే లెబ్రాన్. కరీం అబ్దుల్ జబ్బార్ పేరిట ఉన్న 38,387 పాయింట్ల రికార్డును 2023 ఫిబ్రవరిలో దాటాడు, మరుసటి ఏడాది 40,000 కూడా దాటాడు. మూడు వేర్వేరు జట్లకు టైటిళ్లు తెచ్చాడు. ఇంతకు మించి ఆ వాదనలో ఎంత సేపు కూర్చున్నా కొత్తగా తేలేది ఉండదు.

మీకు పనికొచ్చే వాదనలు వేరే ఉన్నాయి. డ్రాఫ్టు మొదలు కాకముందే గ్రూపులో వాటిని తేల్చుకోండి.

మొదటిది, ఆటగాడి మొత్తం కెరీర్‌ను తీసుకుంటున్నారా, అతని అత్యుత్తమ సీజన్‌ను తీసుకుంటున్నారా? ఈ ఒక్కదాన్ని బట్టి జాబితా తలకిందులవుతుంది. బిల్ వాల్టన్‌నే చూడండి. 1977లో పోర్ట్‌లాండ్‌ను గెలిపించి ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు, 1978లో లీగ్ ఎంవీపీ. తర్వాత పాదాల గాయాలు అతని కెరీర్‌ను మింగేశాయి. కెరీర్ లెక్కయితే మీ 48 మందిలో అతనికి చోటు దొరకడమే కష్టం. ఒక్క సీజన్ లెక్కయితే రెండో రౌండులోనే తీసుకోదగ్గవాడు.

రెండోది, ఏ కాలపు నిబంధనలు? ఎన్‌బీఏలో త్రీ పాయింట్ గీత (దాని అవతల నుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు) వచ్చింది 1979-80 సీజన్‌లో. ఆ గీత లేకపోతే స్టెఫెన్ కర్రీ విలువ ఎంత తగ్గుతుందో వేరే చెప్పాలా? అలాగే రింగు ముందు గీసే లేన్ మొదట్లో ఆరడుగుల వెడల్పే ఉండేది. జార్జ్ మైకన్ అక్కడే పాతుకుపోయి ఆడుతుంటే 1951లో దాన్ని 12 అడుగులు చేశారు. విల్ట్ చాంబర్లెయిన్ వచ్చాక అదీ చాలక 1964లో 16 అడుగులకు పెంచారు. ఒక మనిషిని ఆపడానికి నేల మీద గీతలు మార్చారంటే ఆ మనిషి ఎలాంటివాడో ఊహించుకోండి. ఇక 2001-02 నుంచి జోన్ డిఫెన్స్ (మనిషికి మనిషి అంటుకోకుండా తలా ఒక చోటు కాపాడే పద్ధతి) చెల్లుతోంది. అంతకు ముందు ఒక్కడికి బంతి ఇచ్చి తక్కిన నలుగురూ అవతలి పక్కన నిలబడితే సగం పని అయిపోయేది. ఇప్పుడు అలా కుదరదు. నేను ఈల ఊదే మనిషిని కాబట్టి ఇంకొకటి కూడా అనిపిస్తుంది. 1960ల రెఫరీలు నేటి గార్డులు (బంతి నడిపించే ఆటగాళ్లు) బంతిని నేలకు కొడుతూ సాగే డ్రిబుల్ చూస్తే ఊపిరి అందేదాకా ఈల ఊదుతూనే ఉంటారు. అప్పట్లో చెయ్యి బంతి పైనే ఉండాలి, కిందకు జారి బంతిని మోసినట్టు కనిపిస్తే చాలు, బంతి అవతలి జట్టుకు వెళ్లిపోయేది. కాబట్టి "పాతవాళ్లకు డ్రిబుల్ రాదు" అని మీ కుర్రాళ్లు నవ్వితే ఈ సంగతి చెప్పండి.

మీ గ్రూపులో ఎక్కువ మంది పాతికేళ్ల లోపువారని రాశారు. నేటి నిబంధనలే కావాలంటారు, ఆటగాడి అత్యుత్తమ సీజన్నే చూస్తామంటారు. అలా అనుకునే మిగతాది రాస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. డ్రాఫ్టంటే గొప్పవాళ్ల జాబితా రాయడం కాదు, కలిసి ఆడే ఐదుగురిని ఏర్చుకోవడం. ఆ ఐదుగురికీ కలిపి ఉండేది ఒకే బంతి. మీ ఎనిమిది మందిలో కనీసం ముగ్గురు ఇది మరిచిపోయి వరుసగా పాయింట్ల వీరులను పోగేస్తారు. మీరు గెలిచేది వాళ్ల మీదే.

దీనికి విల్ట్ చాంబర్లెయిన్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1961-62 సీజన్‌లో అతని సగటు ఆటకు 50.4 పాయింట్లు. అచ్చుతప్పు కాదు. ఆ ఏడాది మార్చి 2న హెర్షీలో న్యూయార్క్ మీద ఒక్కడే 100 పాయింట్లు వేశాడు. ఎన్‌బీఏ ఆట 48 నిమిషాలు, అతను సగటున ఆడింది 48.5 నిమిషాలు. ఎక్స్‌ట్రా టైమ్‌లు కలవడం వల్ల ఆ లెక్క వచ్చింది. ఇంతా చేస్తే ఏమైంది? సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌లో రసెల్ ఉన్న బోస్టన్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓడి ఇంటికి వెళ్లాడు. ఇక 1966-67కు రండి. ఈసారి అతని సగటు 24.1 పాయింట్లు, అంటే సగాని కంటే తక్కువ. కానీ ఆటకు 7.8 అసిస్టులు (తోటివాడి బుట్టకు దారితీసే పాసులు) ఇచ్చాడు, వేసిన షాట్లలో 68 శాతం రింగులో పడ్డాయి. ఫిలడెల్ఫియా 68 గెలిచి 13 మాత్రమే ఓడింది, బోస్టన్ వరుస టైటిళ్లను తెంచి చాంపియన్ అయింది. మనిషి అతనే, సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) అతనే. బంతిని తన దగ్గర ఉంచుకోవడం తగ్గించాడు, అంతే తేడా.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. 1962 నాటి అంకెలు చూసి మురిసిపోకండి. అప్పట్లో ఒక్కో జట్టు ఆటకు వందకు పైగా షాట్లు వేసేది, సగానికి పైగా తప్పేవి. అన్ని షాట్లు తప్పితే రీబౌండ్లు (తప్పిన బంతిని పట్టుకోవడాలు) కుప్పలుగా పడక ఏమవుతాయి? ఆ ఏడాదే ఆస్కార్ రాబర్ట్‌సన్ సీజన్ మొత్తం మీద ట్రిపుల్ డబుల్ సగటు (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ పదికి పైగా) సాధించాడు. గొప్ప ఆటగాడే, సందేహం లేదు. కానీ 12.5 రీబౌండ్లు అనే అంకెను నేటి గార్డు అంకె పక్కన పెట్టి తూచకూడదు.

తారలను పోగేస్తే ఏమవుతుందో చూడాలంటే 2004 ఫైనల్స్ ఉంది. లేకర్స్‌లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గారీ పేటన్, నలుగురూ ఒకే జట్టు. అవతల డెట్రాయిట్‌లో ఆ స్థాయి పేరు ఒక్కటీ లేదు. ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే అసలు డ్రాఫ్టులో ఎవరూ తీసుకోని బెన్ వాలెస్ రింగును కాపాడాడు. డెట్రాయిట్ 4-1తో గెలిచింది. మలోన్ మోకాలికి గాయమైన మాట నిజమే, కానీ ఆ ఒక్క మోకాలితో సిరీస్ మొత్తాన్నీ సమర్థించలేం. ఒక బస్సుకు నలుగురు డ్రైవర్లను పెట్టుకున్న జట్టు అది.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ క్లే థాంప్సన్. 2016 డిసెంబరు 5న ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు వేశాడు. ఆ రాత్రి అతను బంతిని నేలకు కొట్టింది మొత్తం 11 సార్లు. బంతి అతని చేతిలో ఉన్న సమయమంతా కలిపితే నిమిషంన్నర. 60 పాయింట్లు వేసి కూడా తోటివాళ్ల దగ్గర బంతి లాక్కోని ఆటగాడు! ఇలాంటివాడు మీకు ఐదో రౌండులో దొరుకుతాడు. అదే సమయంలో మీ పక్కవాడు రెండో రౌండులోనే బంతి వదలని గార్డును తెచ్చుకుని సంబరపడుతుంటాడు.

ఇది అమెరికా వాళ్ల లెక్కే అనుకోకండి. నందనం వైఎంసీఏ కాలేజీ పక్క నుంచి మీరు వెళ్లే ఉంటారు. నైస్మిత్ 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో ఈ ఆటను కనిపెట్టాడు. అక్కడే చదువుకున్న హ్యారీ క్రో బక్ మద్రాసు వచ్చి 1920లో ఈ వ్యాయామ కళాశాలను స్థాపించాడు. అంటే ఈ ఆట విషయంలో మన ఊరి చుట్టరికం నేరుగా పుట్టింటితోనే. చెన్నైలో ఏ సిమెంటు కోర్టుకైనా సాయంత్రం ఐదున్నరకు వెళ్లి చూడండి. గెలిచిన జట్టు కోర్టులోనే ఉంటుంది, ఓడినవాళ్లు బయటికి వచ్చి మళ్లీ వరుసలో నిలబడాలి. ఇద్దరు కెప్టెన్లు వంతులవారీగా మనుషులను పిలుచుకుంటారు. కొత్త కెప్టెన్ అయితే ముందు గీత అవతల నుంచి షాట్లు వేస్తూ మెరుస్తున్నవాడిని పిలుస్తాడు. పాత కెప్టెన్ అటు వైపు కూడా చూడడు. రింగు కింద చెమట ఓడుతూ నిలబడ్డ పొడుగు మనిషిని, తప్పిన ప్రతి బంతినీ రెండు చేతులా పట్టుకుని మోచేతులు బయటికి తెరిచి నిలబడేవాడిని ముందు పిలుస్తాడు. పొద్దుపోయేదాకా కోర్టులో ఉండేది ఆ పాత కెప్టెన్ జట్టే. ఆ పొడుగు మనిషి సాయంత్రం మొత్తం మీద నాలుగు బుట్టలు వేసి ఉండడు. అయినా మర్నాడు అతను ఇంకా రాలేదంటే ఎవరో ఒకరు ఫోను చేసి "అన్నా, బయలుదేరారా?" అని అడుగుతారు.

మీ బావగారు రసెల్ పేరు చెప్పింది సరిగ్గా ఇందుకే. ఆయన ఆటను ఎరిగిన మనిషి. రసెల్ 13 సీజన్లు ఆడి 11 టైటిళ్లు గెలిచాడు, చివరి రెండూ ఆటగాడిగా ఉంటూనే కోచ్‌గా కూడా చేసి గెలిచాడు. ఏడో మ్యాచ్ దాకా వెళ్లిన సిరీస్‌లు పది ఆడితే పదీ గెలిచాడు. 1962 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో 30 పాయింట్లు, 40 రీబౌండ్లు. అతని గొప్పతనం అంకెల్లో కనిపించకపోవడానికి కారణం చాలా మామూలుది. ఎన్‌బీఏ బ్లాకులను (అవతలివాడి షాటును గాలిలోనే అడ్డుకోవడాలను) లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో, అతను రిటైరైంది 1969లో. అతని ప్రధాన విద్యకు లెక్కల పుస్తకంలో గడే లేదు.

ఆ బ్లాకు కొట్టే తీరు కూడా వేరు. ఈనాటి కుర్రాళ్లు బంతిని ప్రేక్షకుల్లోకి బాదేసి ఛాతీ చరుచుకుంటారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ బంతి మళ్లీ ప్రత్యర్థిదే. రసెల్ బంతిని వేళ్ల కొసలతో ఆపి కోర్టు లోపలే, తన వాళ్ల వైపు తోసేవాడు. అందుకున్నవాడు అప్పటికే అవతలి రింగు వైపు పరుగు తీస్తుండేవాడు. పాత రీళ్లలో ఇది గమనించండి. అవతలివాళ్ల షాటు ఇవతలివాళ్ల రెండు పాయింట్లుగా మారడానికి మూడు నాలుగు సెకన్లు చాలు.

మరి ఆరో వంతులో రసెల్‌ను తీసుకోవాలా? కోర్టు మీదైతే తీసుకోమనే అనేవాణ్ని. కానీ మీ ఆట ముగిసేది ఓట్లతో. 15 పాయింట్ల సగటు, 56 శాతం ఫ్రీ త్రోలు (ఫౌలుకు దక్కే, ఎవరూ అడ్డుకోని షాట్లు) చూసిన పాతికేళ్ల ఓటరు మీ బావగారి మాట వినడు. రసెల్ చేసే పనే చేస్తూ ఓటరు కంటికి ఆనే అంకెలు కూడా ఉన్నవాడు కావాలి. అతను హకీమ్ ఒలాజువాన్. 1993-94లో ఒకే సీజన్‌లో లీగ్ ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ, మూడూ గెలుచుకున్నాడు. మూడూ ఒకే ఏడాది గెలిచినవాడు మరొకడు లేడు. 3,830 బ్లాకులతో నేటికీ ఆ పట్టికలో మొదటి పేరు అతనిదే. 1984 అసలు డ్రాఫ్టులో మొదటి వంతు హ్యూస్టన్‌ది, వాళ్లు తీసుకున్నది హకీమ్‌ను. జోర్డాన్ మూడో వంతుకు వెళ్లాడు. హ్యూస్టన్‌ను ఎవరూ పెద్దగా వెక్కిరించరు, గమనించారా? వెక్కిరింతలన్నీ రెండో వంతులో శామ్ బౌవీని తీసుకున్న పోర్ట్‌లాండ్‌కే.

అయితే హకీమ్ కంటే ముందు ఒకటి చూసుకోండి. కాగితం ఉండ చుట్టి చెత్తబుట్టలోకి విసురుతూ "కోబీ" అని అరిచే తరం మీది. టొరంటో మీద 81 పాయింట్లు వేసినవాడు మొదటి ఐదుగురిలో వెళ్లిపోవడం ఖాయం. ఒకరు షకీల్‌ను, ఒకరు కర్రీనో మ్యాజిక్ జాన్సన్‌నో తీసుకుంటారు. అలా కరీం అబ్దుల్ జబ్బార్ ఆరో వంతు దాకా మిగిలిపోయే అవకాశం నిజంగానే ఉంది. మిగిలితే ఇంకేమీ ఆలోచించకుండా తీసేసుకోండి. ఆరు ఎంవీపీలు అందుకున్నవాడు చరిత్రలో అతనొక్కడే. ఫైనల్స్ ఎంవీపీ 1971లో ఒకసారి, మళ్లీ 1985లో 38 ఏళ్ల వయసులో. ఆ స్కైహుక్ షాటుకు ఏ కాలపు నిబంధనలైనా ఒకటే. పక్కకు తిరిగి, భుజం అడ్డుపెట్టి, చెయ్యి పూర్తిగా చాచి రింగు కంటే ఎత్తు నుంచి వదిలే బంతిని ఎవరు అందుకుంటారు?

వంతుల లెక్క కూడా అర్థం చేసుకోండి, సగం తెలివి అక్కడే ఉంది. రౌండు రౌండుకూ వరుస తిరగబడుతుంది కాబట్టి మీ వంతులు 6, 11, 22, 27, 38, 43. ఆరుకూ పదకొండుకూ మధ్య ఎంచుకునేది ఇద్దరే, ఏడో మనిషీ ఎనిమిదో మనిషీ, చెరో రెండు సార్లు. వాళ్లిద్దరిలో ఒకరు మొదటి రౌండులో సెంటర్‌ను తీసుకుంటే రెండో రౌండులో మళ్లీ సెంటర్ జోలికి పోడు. వాళ్ల అభిరుచులు ముందే కనిపెట్టండి, భోజనాల దగ్గర మాటల్లో పెడితే చాలు. అసలు గండం 11కూ 22కూ మధ్య. అక్కడ పది మంది ఆటగాళ్లు వెళ్లిపోతారు.

11లో లారీ బర్డ్ గానీ కర్రీ గానీ, ఎవరు మిగిలితే వారు. ఇద్దరూ బంతి లేకుండానే డిఫెన్స్‌ను చెదరగొట్టేవాళ్లు. బర్డ్ 1984 నుంచి వరుసగా మూడేళ్లు ఎంవీపీ. 22లో టిమ్ డంకన్ ఇంకా ఉంటే వదలకండి. అతని పేరెత్తితే కుర్రాళ్లకు ఆవులింతలు వస్తాయి, 1999 నుంచి 2014 దాకా గెలిచిన ఐదు టైటిళ్లు గుర్తురావు. అతను లేకపోతే కెవిన్ గార్నెట్. 27లో స్కాటీ పిప్పెన్ లేదా కవాయ్ లెనర్డ్. 38లో నేను పైన చెప్పిన క్లే. 11లో బర్డ్‌ను తీసుకుని ఉంటే మాత్రం 38లో జాన్ స్టాక్‌టన్‌ను చూడండి, బంతి పంచేవాడు ఒకడు కావాలి కదా. 15,806 అసిస్టులతో ఆ పట్టికలో పైన ఉన్నది అతనే. అలెన్ ఐవర్సన్ లాంటి మెరుపు గార్డులు ఆ సమయానికి ఇంకా మిగిలే ఉంటారు. ఎంత ఊరించినా చెయ్యి చాచకండి.

విల్ట్, షకీల్ సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. తీసుకునేవాళ్లు తీసుకోనివ్వండి. ఓటింగు రోజున ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఆఖరి రెండు నిమిషాల్లో రెండు పాయింట్ల తేడా ఉంటే వాళ్ల చేతికి బంతి ఇస్తారా? విల్ట్ ఫ్రీ త్రో సగటు 51 శాతం, షకీల్‌ది 53 లోపు. 100 పాయింట్ల రాత్రి విల్ట్ 32 ఫ్రీ త్రోల్లో 28 వేశాడని ఎవరైనా అడ్డం వస్తే, ఆ ఒక్క రాత్రినే చూపించాల్సి వస్తోందంటేనే సంగతి అర్థమవుతోంది కదా అనండి.

ఓటింగులో మిమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: జోర్డాన్‌ను మీలో ఎవరు ఆపుతారు? "ఎవరూ ఆపలేరు" అని ఒప్పుకుంటే ఓట్లు పోతాయి. పిప్పెన్ ఆపుతాడంటే సగమే నమ్ముతారు, జోర్డాన్ జట్టులోనివాడే కదా అంటారు. డెట్రాయిట్ 1988, 1989, 1990ల్లో వరుసగా మూడు ప్లేఆఫ్స్‌లో జోర్డాన్ జట్టును ఓడించింది. ఒక్కణ్ని అంటగట్టి వదిలెయ్యలేదు. ముందు ఒకడు అతని దారి మళ్లిస్తే, వెనక నుంచి రెండోవాడు వచ్చేవాడు, రింగు దగ్గర పెద్దవాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. మీ రింగు దగ్గర హకీమో కరీమో ఉంటాడు. ముందు నిలబడి దారి మళ్లించే పని డెట్రాయిట్‌లో చేసినవాడు జో డ్యూమార్స్, 1989 ఫైనల్స్ ఎంవీపీ. 43లో అతన్ని తీసుకోండి. మీ ఎనిమిది మందిలో ఆ పేరు అప్పటిదాకా ఎవరి నోటా రాదు.